క్రామ్‌ఫర్డ్ నుంచి స్టయల్ దాకా: ఒక రోజు బస్సు యాత్ర సమీక్ష

ఉదయం ఎనిమిదింటికి మాంచెస్టర్‌లో ఎక్కించుకుని, డర్బీషర్‌లోని క్రామ్‌ఫర్డ్ నూలు మిల్లును, మధ్యలో ఒక పల్లెటూరి వ్యవసాయ ప్రదర్శనశాలను, సాయంత్రం చెషైర్‌లోని స్టయల్ దగ్గరున్న క్వారీ బ్యాంక్ మిల్లును చూపించి, రాత్రి ఏడింటికి తిరిగి దింపే ఒక రోజు బస్సు యాత్రకు గత సెప్టెంబరులో మేము నలుగురం వెళ్ళాము. మనిషికి 72 పౌండ్లు తీసుకున్నారు. ప్రవేశ రుసుములు అందులోనే ఉన్నాయి, భోజనం ఖర్చు మనది. నడిపే సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి యాత్రల్లో గైడు మారితే యాత్రే మారిపోతుంది కనుక, పేరు చెప్పడం కంటే ఎక్కడ ఏం చూడాలో, ఏం అడగాలో చెబితేనే వెళ్ళేవారికి ఉపయోగం.

నాతో మా ఆవిడ, పదకొండేళ్ళ మా అమ్మాయి, మూడు నెలల కోసం మంగళగిరి నుంచి వచ్చిన మా అమ్మ ఉన్నారు. అమ్మ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆమె ముప్పై ఏళ్ళకు పైగా ఇంట్లో మగ్గం కోసం కండెలు (నూలు ఎక్కించే చిన్న గొట్టాలు) చుట్టింది. మా ఇంట్లో రాట్నం ఉండేది కానీ దాని మీద ఎవరూ నూలు వడకగా నేను చూడలేదు. చిలపలుగా (చుట్టలుగా) వచ్చిన మిల్లు నూలును కండెలకు ఎక్కించడానికే అది తిరిగేది. వడకడానికి పుట్టిన రాట్నం మా ఇంట్లో ఎందుకు వడకడం మానేసిందన్న ప్రశ్న నాకు చిన్నప్పుడు తట్టనే లేదు. ఆ ప్రశ్నకు జవాబు క్రామ్‌ఫర్డ్‌లో రాతి గోడలతో ఇప్పటికీ నిలబడి ఉంది.

బస్సు మాంచెస్టర్ పొలిమేర దాటి పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లోకి ఎక్కగానే రెండు వైపులా రాతి గోడలు మొదలవుతాయి. సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలవి. ఊళ్ళకు దగ్గరగా ఉన్నవి వంకర్లు తిరుగుతూ పోతాయి. పైన కొండ వాలు మీద ఉన్నవి మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా సాగుతాయి. ఈ యాత్రలో వ్యవసాయం గురించి తెలుసుకోదగిన విషయాల్లో సగం ఈ తేడాలోనే ఉండగా, గైడు ఆ సమయంలో సీటు బెల్టుల గురించి, మరుగుదొడ్డి విరామాల గురించి చెబుతూ కూర్చున్నాడు. తిన్నని గోడల్లో ఎక్కువ భాగం పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలోనూ, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనూ పార్లమెంటు చేసిన కంచెల చట్టాల నాటివి. అంతకు ముందు ఊరందరి పశువులూ మేసిన బయళ్ళను, పుల్లలూ, పొయ్యిలోకి పీటు మట్టీ తెచ్చుకున్న బీళ్ళను సర్వేయర్లు గొలుసులతో కొలిచి హక్కుదారులకు పంచిపెట్టారు. 1604 నుంచి 1914 వరకు ఇలాంటి చట్టాలు 5,200కు పైగా వచ్చాయి. వాటి కింద కంచె పడిన భూమి దాదాపు 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండ్ నేలలో ఐదో వంతు కన్నా కొంచెం ఎక్కువ. కాగితం మీద హక్కు ఉన్నవాడికి నేల చెక్క దక్కింది. కాగితం లేకుండా, తాతల నాటి అలవాటు కొద్దీ ఒక ఆవునో నాలుగు బాతులనో మేపుకున్నవాడికి గోడ దక్కింది.

క్రామ్‌ఫర్డ్ దగ్గర మాత్రం గైడుకు వంక పెట్టలేము. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1732లో ప్రెస్టన్‌లో పుట్టాడనీ, మొదట మంగలి పని చేస్తూ, విగ్గులకు జుట్టు కొనుక్కుంటూ ఊళ్ళు తిరిగాడనీ, 1769లో నీటితో నడిచే వడుకు యంత్రానికి పేటెంటు తీసుకుని, 1771లో ఇక్కడ మిల్లు మొదలుపెట్టాడనీ తేదీలతో సహా తడుముకోకుండా చెప్పాడు. పేటెంట్లను 1785లో కోర్టు కొట్టేసిన సంగతిని, యంత్రం ఆలోచన వేరొకరిదన్న ఆరోపణను కూడా దాచలేదు. ఈ మారుమూల లోయనే ఎందుకు ఎంచుకున్నాడో వివరించిన తీరు నాకు బాగా నచ్చింది. ఇక్కడ వాగు నీటితో పాటు, సీసం గనుల్లోంచి నీరు బయటకు పోవడానికి తవ్విన సొరంగ కాలువ ఒకటి ఉంది. భూగర్భం నుంచి వచ్చే ఆ నీరు కాస్త గోరువెచ్చగా ఉండటం వల్ల చలికాలంలో గడ్డకట్టదు; కనుక చక్రం ఆగదు. చక్రం ఆగకపోతే మనిషి కూడా ఆగకూడదు. పగలు ఒక జట్టు, రాత్రి ఒక జట్టు, పన్నెండేసి గంటల చొప్పున పనిచేశాయి. ఐదంతస్తులతో మొదలైన ఆ తొలి మిల్లులో ఇప్పుడు మూడే మిగిలాయి. రోడ్డు వైపు గోడలు కోట గోడల్లా ఉంటాయి; 1779లో లాంకషైర్‌లోని బర్కేకర్‌లో ఆర్క్‌రైట్ మిల్లును జనం తగలబెట్టారు కాబట్టి అతని భయం ఉత్త భయమేమీ కాదు.

అమ్మకు అక్కడి నమూనా యంత్రం ముందు కుర్చీ వేశారు. ఆ యంత్రం చేసే పని చూస్తే తేలికే. దూది పట్టీ ఒక జత రోలర్ల మధ్యకు వెళుతుంది. దాని వెనకే ఉన్న రెండో జత ఇంకొంచెం వేగంగా, మూడో జత ఇంకా వేగంగా తిరుగుతాయి. వేగాల తేడా వల్ల పట్టీ సాగి సన్నబడుతుంది, చివర కదురు దానికి పురి వేస్తుంది. రోలర్ల మధ్య దూరం దూది పింజె పొడవుకు సరిపోవాలి. దగ్గరైతే పింజెలు చిట్లుతాయి, దూరమైతే పోగు తెగుతుంది. అమ్మ కాసేపు చూసి, బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి గాలిలో లాగి చూపిస్తూ, “మా నాయనమ్మ ఏకు పట్టుకుని ఇట్లా లాగేదిరా, ఆ వేళ్ళను ఇనుముతో చేశారన్నమాట” అంది. ఏకు అంటే వడకడానికి చుట్టిపెట్టుకున్న దూది వత్తి. నేను చదివిన వివరణలన్నింటికంటే ఈ ఒక్క మాట సూటిగా ఉంది. వడికే మనిషి ఏళ్ళ తరబడి వేళ్ళలో కూడబెట్టుకున్న నేర్పును రోలర్లలోకి మార్చేశాక, దాని ముందు నిలబడి తెగిన పోగులు అతికించడానికి పిల్లలు చాలు. అందుకే ఆర్క్‌రైట్ ఎక్కువమంది పిల్లలున్న కుటుంబాలు కావాలని ప్రకటనలు ఇచ్చాడు.

ఇక్కడ గైడు వదిలేసిన ఒక ముఖ్యమైన సంగతి ఉంది. లాంకషైర్‌లో అప్పటిదాకా నేసిన “నూలు” గుడ్డ నిజానికి సగం నూలే. అక్కడ చేత్తో వడికిన దూది నూలు పడుగుకు (మగ్గం మీద నిలువుగా బిగించే పోగులకు) ఆగేది కాదు కనుక పడుగుకు అవిసె నార దారం, పేకకు (అడ్డంగా నేసే పోగులకు) మాత్రమే దూది నూలు వాడేవారు. పడుగూ పేకా రెండూ నూలే అయిన గుడ్డ మన వైపు నుంచి, అంటే మచిలీపట్నం లాంటి రేవుల నుంచి, బెంగాల్, గుజరాత్‌ల నుంచి ఓడల్లో వెళ్ళేది. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో దిగింది. మన అద్దకం బట్టల ధాటికి తట్టుకోలేక ఇంగ్లండ్ పార్లమెంటు 1700లో అద్దకపు బట్టల దిగుమతిని నిషేధించింది. 1721లో అద్దిన నూలు బట్టలు కట్టుకోవడాన్నే నేరం చేసింది. పడుగుకు ఆగే గట్టి నూలు ఆర్క్‌రైట్ యంత్రం మీద వచ్చాక, 1774లో, ఇంగ్లండ్‌లో తయారైన పూర్తి నూలు గుడ్డకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చారు. పోటీదారును ముందు తలుపు బయట నిలబెట్టి, తాను నేర్చుకున్నాక తలుపు తీసిన కథ ఇది. గంటన్నర ప్రసంగంలో “ఇండియా” అనే మాట ఒక్కసారి, అదీ “సుగంధ ద్రవ్యాలు” అనే మాట పక్కన వినిపించింది. తెలుగువాళ్ళు ఈ యాత్రకు వెళితే మన బట్టలను ఎందుకు నిషేధించారన్న ఈ ఒక్క ప్రశ్న అయినా అడగాలని నా విన్నపం. నేను అడిగితే అతను నొచ్చుకోలేదు, మైకు నా చేతికిచ్చి చెప్పమన్నాడు.

మిల్లు నుంచి నాలుగడుగులు వేస్తే నార్త్ స్ట్రీట్ వస్తుంది. 1776 ప్రాంతంలో ఆర్క్‌రైట్ కార్మికుల కోసం కట్టించిన మూడంతస్తుల ఇళ్ళు అవి. తలెత్తి చూస్తే పై అంతస్తులో కిటికీలు ఈ చివర నుంచి ఆ చివర దాకా వరుసగా కనిపిస్తాయి. అక్కడ మగ్గాలుండేవి. ఆడవాళ్ళూ పిల్లలూ మిల్లులో నూలు తీస్తుంటే, ఇంటి యజమాని పైన వెలుతురులో కూర్చుని నేసేవాడు. ఈ వీధికి యాత్రలో పది నిమిషాలే కేటాయించడం నాకు బొత్తిగా నచ్చలేదు. మిల్లులో యంత్రం ఎట్లా పనిచేసిందో తెలుస్తుంది; ఈ వీధిలో కుటుంబం ఎట్లా విడిపోయి పనిచేసిందో తెలుస్తుంది.

భోజనం గురించి ఎక్కువ రాయనక్కరలేదు. దారిలో ఆపిన హోటల్‌లో శాకాహారం ఉందని ముందే చెప్పారు. వెళ్ళాక చీజు శాండ్‌విచ్, ఉప్పు లేని సూపు దొరికాయి. అమ్మ సంచిలోంచి చింతకాయ పచ్చడి తీసింది. పులిహోర కట్టుకుని వెళ్ళడం ఉత్తమం.

ఆ తరువాత చూపించిన వ్యవసాయ ప్రదర్శనశాల ఈ యాత్రలో అన్నింటికంటే బలహీనమైన భాగం. నలభై నిమిషాలే ఇచ్చారు. గైడు బయట టీ తాగుతూ ఉండిపోయాడు. వస్తువుల పక్కన పేరు, సంవత్సరం తప్ప వివరం లేదు. కానీ వస్తువులు మంచివి. విత్తనం వేసే యంత్రం ముందు మా ఆవిడ ఆగి, “ఇది మన గొర్రే కదా, జడ్డిగం బదులు పెట్టె పెట్టారు” అంది. గొర్రు అంటే మన విత్తనాలు వేసే పనిముట్టు, జడ్డిగం దాని మీద గింజలు పోసే గిన్నె. పల్నాడులో పెరిగిన మనిషి కనుక ఆమెకు వెంటనే తట్టింది. జెత్రో టల్ 1701 ప్రాంతంలో ఇలాంటి యంత్రాన్ని తయారుచేసేదాకా ఇంగ్లండ్ రైతు విత్తనాలను చేత్తో వెదజల్లేవాడని అక్కడ రాసి ఉంది. దాని పక్కనే నార్‌ఫోక్ నాలుగేళ్ళ పంట మార్పిడి పటం ఉంది: గోధుమ, టర్నిప్, బార్లీ, క్లోవర్. ఒక ఏడు నేలను ఊరికే వదిలేసే పాత పద్ధతికి బదులు, ఆ ఏడు పశువులకు మేత పండించడం ఇందులోని కిటుకు. క్లోవర్ మన జనుము, పెసర లాగానే కాయజాతి మొక్క, నేలకు నత్రజని ఇస్తుంది. టర్నిప్ చలికాలమంతా పశువులకు మేత అవుతుంది. పశువు నిలిస్తే ఎరువు నిలుస్తుంది, ఎరువు ఉంటే గింజ పెరుగుతుంది. మిల్లుల పట్టణాలకు తిండి పెట్టిన పంట ఇలాంటి మార్పుల వల్లే పెరిగింది. అయితే ఊరంతా కలిసి సాగుచేసే ఉమ్మడి చేలల్లో ఒకడు టర్నిప్ వేస్తే ఇంకొకడి పశువులు మేసిపోతాయి కదా. ఉదయం చూసిన తిన్నని గోడలకు ఉన్న వాదన ఇదే. ఆ వాదనలో నిజం లేకపోలేదు, అది కూడా చెప్పాలి.

మూలన ఒక నూర్పుడు యంత్రం, దాని మీద వేలాడదీసిన నూర్పుడు కర్ర ఉన్నాయి. రెండు కర్రలను తోలు ముక్కతో కలిపి కట్టిన పనిముట్టు అది. ఒక కర్రను పట్టుకుని రెండోదాన్ని గింజ మీద కొడతారు. దాన్ని చూసి ఎవరూ ఆగరు. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం అక్కడే. స్కాట్లండ్‌లో ఆండ్రూ మీకిల్ 1786 ప్రాంతంలో చేసిన నూర్పుడు యంత్రం మంచి యంత్రమే. కానీ ఇంగ్లండ్ కూలీకి నూర్పిడి అంటే చలికాలపు కూడు. కోతలు అయిపోయాక, మంచు పడే నెలల్లో కొట్టాంలో ధాన్యం కొట్టడం తప్ప వేరే పని ఉండేది కాదు. అదే చలికాలంలో అతని భార్య పొయ్యి పక్కన కూర్చుని వడికేది. ఒక నేతగాడికి చాలినంత నూలు అందించాలంటే నలుగురైదుగురు వడకాల్సి వచ్చేది కనుక, పనికి కొరత లేదు. కోతల తరువాత ఆమె, పిల్లలు చేలల్లో పరిగె (కోతలో రాలిపోయిన కంకులు) ఏరుకునేవారు. 1788లో ఒక కోర్టు తీర్పు పరిగె ఏరుకోవడం హక్కు కాదని తేల్చింది. పచ్చిక బయలుకు గోడ వచ్చింది, రాట్నం పని క్రామ్‌ఫర్డ్ లాంటి చోట్లకు వెళ్ళిపోయింది, పరిగె చట్టం దృష్టిలో దొంగతనానికి దగ్గరయింది, చివరకు కొట్టాంలోకి నూర్పుడు యంత్రం వచ్చింది. ఒకే ఇంటికి ఒక తరం రెండు తరాల్లో జరిగిన విషయాలివి. 1830 ఆగస్టు చివరలో కెంట్‌లో మొదలైన అల్లర్లలో కూలీలు కసిగా పగలగొట్టింది ఈ నూర్పుడు యంత్రాలనే. ఆ అల్లర్లకు 19 మందిని ఉరితీశారు, దాదాపు 480 మందిని ఆస్ట్రేలియాకు పంపేశారు.

ఈ యాత్ర మీద నా అసలు ఫిర్యాదు ఇదే. ఉదయం మిల్లు, మధ్యాహ్నం పొలం, సాయంత్రం మళ్ళీ మిల్లు అని వేర్వేరు పెట్టెల్లో సర్దారు. పొలమూ మగ్గమూ ఒకే కప్పు కింద ఉండేవనీ, చలికాలం ఆ రెండింటినీ కలిపి కుట్టిన దారమనీ చెప్పకపోతే, జనం పట్టణాలకు ఎందుకు వెళ్ళారో అర్థం కాదు. యంత్రాల మీద మోజుతో వెళ్ళారనుకుంటాము. 1851 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండ్, వేల్స్ జనంలో సగానికి పైగా పట్టణాల్లో ఉన్నారు.

క్వారీ బ్యాంక్‌కు చేరేసరికి మూడున్నర. శామ్యూల్ గ్రెగ్ 1784లో బాలిన్ నది ఒడ్డున కట్టించిన ఈ మిల్లు 1939 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేతిలో ఉంది. ఈ ఒక్క చోటు కోసమైనా యాత్రకు వెళ్ళవచ్చని నిస్సందేహంగా చెబుతాను. చుట్టూ అడవి, తోట, కింద నది, పైన మాంచెస్టర్ విమానాశ్రయంలో దిగే విమానాల మోత. లోపలికి అడుగుపెట్టాక ఆ మోత గుర్తు రాదు. రెండు మూడు మరమగ్గాలు నడిపి చూపిస్తేనే చెవులు దిమ్మెక్కాయి. వందల మగ్గాలు ఒక్కసారి నడిచే లాంకషైర్ షెడ్లలో పనిచేసినవారు పెదవుల కదలికను చూసి మాట్లాడుకోవడం నేర్చుకున్నారంటే ఆశ్చర్యం లేదు. మగ్గం నడుస్తుండగా అమ్మ నా మోచేయి గిల్లి, “పోగు తెగిందిరా, చెప్పు ఆమెకు” అని అరిచింది. నాకు గుడ్డలో ఏమీ కనిపించలేదు. మగ్గం నడుపుతున్న పెద్దావిడ కూడా అదే క్షణంలో చూసి, మగ్గం ఆపి, పడుగులో తెగిన పోగును వెతికి, అచ్చులోంచి (పడుగు పోగులను విడదీసి పట్టే దువ్వెనలోంచి) లాగి ముడివేసింది. తరువాత ఇద్దరూ ఒకరి వేళ్ళు ఒకరు చూసుకున్నారు. మధ్యలో నా అనువాదం పెద్దగా అవసరపడలేదు.

ఆవిడ ద్వారానే ఇంకో విషయం తెలిసింది. నూలు సన్నదనాన్ని లాంకషైర్‌లో ఎట్లా లెక్కపెట్టేవారని అడిగితే, 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను (సుమారు 454 గ్రాముల) బరువు తూగుతుందో అదే నూలు నంబరు అంది. అంటే మంగళగిరిలో మేము పుట్టినప్పటి నుంచి వింటున్న “ఎనభయ్యో నంబరు” అన్నమాటకు అర్థం, 840 గజాల చిలపలు ఎనభై కలిస్తే ఒక పౌను అని! మన దేశం గజాలనూ పౌన్లనూ వదిలేసి అరవై ఏళ్ళు దాటినా, మన నేతగాళ్ళ నోట లాంకషైర్ కొలత అట్లాగే నిలిచింది. మిల్లు నూలు చవకగా ఓడల్లో దిగాక మన పల్లెల్లో రాట్నం మూలపడింది. మగ్గం మాత్రం ఆ నూలునే తిని బతికింది. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో దూది ఏకి ఇప్పటికీ చేత్తో వడుకుతున్నారంటే, అది మిగతా చోట్ల పోయినదానికి గుర్తు కూడా.

అప్రెంటిస్ హౌస్‌ను తప్పకుండా చూడాలి. దానికి విడిగా సమయం కేటాయిస్తారు, ఆలస్యమైతే దొరకదు. 1790లో కట్టిన ఆ ఇంట్లో తొంభై మంది దాకా పిల్లలు, చాలామంది వర్క్‌హౌస్‌లనే పేదల శరణాలయాల నుంచి వచ్చినవారు, ఒప్పందం మీద ఉండి మిల్లులో రోజుకు పన్నెండు గంటలు పనిచేశారు. ఆ పైన కూరగాయల తోట పని కూడా వారిదే. 1806లో ఇద్దరు కుర్రాళ్ళు తల్లులను చూడటానికి ఇక్కడి నుంచి పారిపోయి లండన్ దాకా వెళ్ళారు. అందులో ఒకడికి అప్పటికే యంత్రంలో వేలు పోయింది. మెజిస్ట్రేటు ముందు వాళ్ళు చెప్పిన మాటలు నమోదై ఉన్నాయి. మా అమ్మాయి ఆ పిల్లల పరుపుల వైపు చూసి, ఒక్కో మంచం మీద ఇద్దరా అని అడిగింది, ఆ తరువాత బస్సెక్కే దాకా ఏమీ మాట్లాడలేదు. గ్రెగ్ కుటుంబానికి డొమినికా దీవిలో బానిసలతో నడిచే తోట ఉండేది. 1793లో అమెరికాలో ఎలై విట్నీ దూదిలోంచి గింజ తీసే యంత్రం చేశాక, లాంకషైర్ మిల్లులకు కావలసిన దూదిలో ఎక్కువ భాగం అక్కడి బానిసల పొలాల నుంచే వచ్చింది. మిల్లు ఇంగ్లండ్‌లో ఉన్నా దాని పొలం సముద్రం అవతల ఉందన్నమాట. గైడు ఈ విషయం బాగా చెప్పాడు, తగినంత సమయం తీసుకుని చెప్పాడు. అందుకు మధ్యాహ్నం తాగిన టీని క్షమించాను.

ఐదుకు మూడున్నర ఇస్తాను. చరిత్ర చదివే పిల్లలున్నవారు, నేత తెలిసిన పెద్దవాళ్ళను వెంట తీసుకెళ్ళగలిగినవారు వెళ్ళవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవారికి క్వారీ బ్యాంక్ దగ్గర నది ఒడ్డుకు దిగే వాలు కష్టం, మేము నెమ్మదిగా దిగాము. టికెట్ కొనేటప్పుడు ఎడమవైపు కిటికీ సీటు అడగండి. వెళ్ళేటప్పుడు కొండ మీది గోడలు ఆ వైపే బాగా కనిపిస్తాయి. స్టయల్ దుకాణంలో అమ్మ ఒక తువ్వాలు కొనబోయి, అంచు తిరగేసి పోగులు లెక్కపెట్టి, ధర విని, మళ్ళీ దాని చోట దాన్ని పెట్టేసింది.